ఎవరి కథలో వాళ్లే ముఖ్యులు: ‘సైన్‌ఫెల్డ్’ తొలి సీజన్లలోని చిన్న పాత్రలు

అమెరికన్ టెలివిజన్ హాస్యంలో ‘సైన్‌ఫెల్డ్’ మీద జరిగిన చర్చ దాదాపుగా నలుగురి చుట్టూనే తిరిగింది: జెర్రీ, జార్జ్, ఎలైన్, క్రేమర్. 1989 జూలైలో ఎన్‌బీసీ ప్రయోగంగా ఒక్క ఎపిసోడ్ వేసి చూసిన ఈ సిట్‌కామ్, 1998 మే దాకా తొమ్మిది సీజన్లు, 180 ఎపిసోడ్లు నడిచింది. అయితే దాన్ని ఇష్టంగా తలుచుకునేవాళ్లెవరూ ఆ నలుగురి దగ్గరే ఆగరు. లైబ్రరీ పుస్తకం కోసం వచ్చిన విచారణాధికారి బుక్‌మన్, కొత్తగా హోటల్ పెట్టిన పాకిస్తానీ బాబు భట్, పోలండ్‌లో తనకూ ఒక పొట్టి గుర్రం ఉండేదని చెప్పిన ముసలావిడ మాన్యా, అంతరిక్షంలో వాడే పెన్ను బహుమతిగా ఇచ్చి చిచ్చు పెట్టిన జాక్ క్లాంపస్, ఖాళీ కుర్చీ కోసం నిలబడ్డవాళ్లను నిలబెట్టే ఉంచిన చైనీస్ హోటల్ మనిషి వంటివాళ్ల దగ్గరికి మాట తప్పకుండా వస్తుంది. వీళ్లలో కొందరు తెరమీద కనిపించింది కొద్ది నిమిషాలే. ముప్పై ఏళ్లు దాటినా మరుపు రాకపోవడానికి మూడు కారణాలు చెబుతుంటారు. నటులు గొప్పవాళ్లన్నది ఒకటి. పట్టుకుని తిరగడానికి వీలైన ఒక మాటో చేష్టో ఆ పాత్రలకు ఉందన్నది రెండోది. మళ్లీ మళ్లీ చూపించి అలవాటు చేశారన్నది మూడోది. మూడింటిలోనూ కొంత నిజం ఉంది, ఏ ఒక్కటీ చాలదు. తొలి నాలుగు సీజన్లలో ఈ మనుషులు నవ్వించే పని మీద రాలేదు, తమ సొంత పని మీద వచ్చారు. ఒక్కొక్కరూ ఒక పట్టింపును, తమదైన ఒక న్యాయాన్ని వెంట తెచ్చుకున్నారు. ఆ న్యాయం ఎదుట కథానాయకులు నలుగురూ తేలిపోతారు. నవ్వూ, జ్ఞాపకమూ రెండూ అక్కడే పుట్టాయని నా వాదన.

ఈ వాదనను బుక్‌మన్ దగ్గర మొదలుపెట్టడం సబబు. 1991 అక్టోబరులో వచ్చిన ‘ది లైబ్రరీ’ మూడో సీజన్‌లోది, రాసింది లారీ చార్ల్స్. 1971లో తీసుకున్న ‘ట్రాపిక్ ఆఫ్ క్యాన్సర్’ నవలను జెర్రీ తిరిగి ఇవ్వలేదని న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ ఇరవై ఏళ్ల తర్వాత నోటీసు పంపుతుంది. విచారణకు వచ్చిన బుక్‌మన్ పాత ‘డ్రాగ్‌నెట్’ సీరియల్లో జాక్ వెబ్ వేసిన డిటెక్టివ్‌లా, పొడి గొంతుతో, ఎదుటివాడికి ఊపిరి తీసుకునే సందు ఇవ్వకుండా మాట్లాడతాడు. ఇంతవరకే అయితే అదొక పేరడీ, ఆ వారంతోనే మర్చిపోయేవాళ్లం. రచయిత అతనికి ఒక జీవితానుభవం ఇచ్చాడు. 1971 అంటే బుక్‌మన్‌కు లైబ్రరీలకు చెడ్డకాలం. పుస్తకాలు దొంగిలించమని ఉద్యమకారుడు అబీ హాఫ్‌మన్ కుర్రకారుకు బోధించిన సంవత్సరం అది. జెర్రీ ఆ కాలపు నేరస్థుల్లో ఒకడని అతని నమ్మకం. పుస్తకం మీద కొట్టిన ముద్ర నీకు ఏమీ కాకపోవచ్చు, నాకు చాలా పెద్ద సంగతి అంటాడు. బ్రాంచి లైబ్రరీలో కూర్చుని పుస్తకం తెరిచిన పసివాడికి అందులో ఎవరో గీసిన బూతుబొమ్మలు కనిపిస్తే ఆ పిల్లవాడి గతేమిటని అడుగుతాడు. ఆ ప్రసంగం వింటూ నవ్వుతాం. కానీ అందులో తప్పు పట్టడానికి ఒక్క వాక్యం దొరకదు. లైబ్రరీ అందరిదీ, పుస్తకం తిరిగి ఇవ్వాలి, పాడుచేయకూడదు. జెర్రీ దగ్గర దీనికి జవాబు లేదు. ఉన్నదల్లా తను ఇచ్చేశానన్న జ్ఞాపకం, ఆ రోజు ఒక అమ్మాయి వేసుకున్న ఆరెంజ్ రంగు గౌను. ఆ జ్ఞాపకం కూడా తప్పని తేలుతుంది.

ఇందులో గమనించవలసింది ఇన్‌స్టంట్ కాఫీ ప్రస్తావన. బుక్‌మన్ కాఫీ అడుగుతాడు. ఇన్‌స్టంట్ కాఫీ సీసా ఇంట్లో లేదని జెర్రీ అనగానే, ఒక సీసా కొని అలమరలో పడేసి మర్చిపోతే ఎప్పుడో ఒకనాడు అక్కరకు వస్తుందని, అది ఎన్నాళ్లయినా చెడదని పాఠం చెబుతాడు. పుస్తకంతో దీనికి ఏ సంబంధమూ లేదు, కథ దీనివల్ల ముందుకు కదలదు. కానీ ఈ మనిషి లైబ్రరీ గేటు బయట ఎలా బతుకుతాడో మనకు తెలిసిపోతుంది: వస్తువు దాని చోట దానికి ఉండాలి, అవసరానికి అందాలి. పుస్తకాల విషయంలో పాటించే నియమాన్నే ఇంట్లో కాఫీ సీసా విషయంలోనూ పాటించే మనిషి. హాస్యపాత్ర ఒక లక్షణంతో బతుకుతుంది, మనిషి ఒక నియమంతో బతుకుతాడు. నియమం ఉన్నవాడు అనుకోని చోట్ల కూడా దాన్ని వర్తింపజేస్తాడు. బుక్‌మన్ చేసింది అదే.

ఇలాంటి నియమాలను చిన్న పాత్రలకే కట్టబెట్టడానికి ఈ ధారావాహిక నిర్మాణంలోనే కారణం ఉంది. కౌగిలింతలు ఉండకూడదు, ఎవరూ ఏ పాఠమూ నేర్చుకోకూడదు అన్నది ధారావాహిక సహసృష్టికర్త లారీ డేవిడ్ పెట్టిన షరతుగా ప్రసిద్ధం. అంతకుముందరి అమెరికన్ సిట్‌కామ్‌లలో ఎపిసోడ్ చివరికి ఎవరో ఒకరు మనసు మార్చుకోవడం, పక్కవాళ్లు క్షమించడం ఆనవాయితీ. ఆ తలుపు మూసేయడంతో నలుగురు కథానాయకులకూ మనస్సాక్షి ఉండే అవకాశం పోయింది. అయితే ధర్మాధర్మాల ప్రసక్తి పూర్తిగా లేకపోతే హాస్యం నిలవదు, ఎందుకంటే ఫలానావాడు తప్పు చేస్తున్నాడని తెలియాలంటే ఒప్పు అనేది ఎక్కడో ఒకచోట ఉండాలి. కథానాయకుల దగ్గర లేని ఆ ఒప్పును మోసుకొచ్చే బాధ్యత బయటినుంచి వచ్చే మనుషుల మీద పడింది. తలుపు తట్టి లోపలికి వచ్చిన ప్రతివాడూ ఒక ఫిర్యాదుతోనో, ఒక బాకీతోనో, ఒక గాయంతోనో వచ్చాడంటే అందుకే.

రెండో సీజన్ ఆరంభంలో, 1991 జనవరిలో వచ్చిన ‘ది పోనీ రిమార్క్’ దీనికి తొలి గట్టి నిదర్శనం. బంధువుల ఇంట్లో భోజనాల బల్ల దగ్గర జెర్రీ నోటికొచ్చినట్టు వాగుతూ, చిన్నప్పుడు పొట్టి గుర్రం ఉన్న పిల్లలంటే తనకు ఒళ్లుమంట అంటాడు. విందుకు ముఖ్య అతిథి అయిన మాన్యా తనకు ఒకటి ఉండేదంటుంది. పోలండ్‌లో తన చిన్నతనంలో పిల్లలందరికీ ఉండేవంటుంది. సంపన్నుల బిడ్డల మీద విసురుగా వేసిన మాట, వలస వచ్చిన ఒక ముసలావిడ పోగొట్టుకున్న ఊరిమీద పడింది. ఆవిడ బల్లమీంచి లేచి వెళ్లిపోతుంది, ఆ తర్వాత త్వరలోనే చనిపోతుంది. తన మాటే చంపిందా అని జెర్రీ సందేహం. అంత్యక్రియల రోజునే సాఫ్ట్‌బాల్ ఫైనల్ ఉండటం అతని అసలు బెంగ. రోజికా హాల్మోస్ వేసిన ఆ పాత్ర బల్ల దగ్గర ఉన్నది ఒక్క సన్నివేశమే. ఆవిడకు చమత్కారం ఒక్కటీ ఇవ్వలేదు. ఆవిడ చెప్పింది కేవలం తన బాల్యం. గుర్రం మాటను ఇన్నేళ్ల తర్వాత కూడా జనం తలుచుకుంటున్నారంటే, ఆ మాట వెనక తూర్పు యూరప్ యూదు కుటుంబం ఒకటి తన గతంతో సహా కూర్చుని ఉంది కాబట్టి. ఆ గతం గురించి ఎపిసోడ్ ఒక్క వివరమూ అదనంగా చెప్పదు, చెప్పకపోవడమే దాని సంస్కారం. అంకుల్ లియో మొదట కనిపించిందీ ఈ ఎపిసోడ్‌లోనే. లెన్ లెస్సర్ వేసిన ఆ బంధువుకు కూడా ఒక ధర్మశాస్త్రం ఉంది: దారిలో కనబడ్డ చుట్టం ఆగి పలకరించాలి, కొడుకు గొప్పలు ఓపికగా వినాలి. జెర్రీకి తప్పించుకోవాలని ఉంటుంది. చూసేవాడికి జెర్రీ ఇబ్బంది అర్థమవుతూనే ఉంటుంది, న్యాయం లియో పక్షాన ఉందని కూడా తెలుస్తూనే ఉంటుంది.

మూడో సీజన్‌లోని ‘ది పెన్’ మొత్తం ఇలాంటి ధర్మశాస్త్రాల మధ్య పోరాటమే. ఫ్లోరిడాలో రిటైరైన వృద్ధుల అపార్ట్‌మెంట్లలో జెర్రీ అమ్మానాన్నలు ఉంటారు. పొరుగున ఉండే జాక్ క్లాంపస్ దగ్గర తలకిందులుగా పట్టినా రాసే పెన్ను ఉంటుంది. బాగుందని జెర్రీ మెచ్చుకోగానే తీసుకోమని బలవంతపెడతాడు, జెర్రీ తీసుకుంటాడు. తల్లి హెలెన్ నెత్తీనోరూ కొట్టుకుంటుంది: మర్యాదకు ఇస్తానంటే నిజంగా తీసేసుకుంటారా? పెన్ను కబురు అపార్ట్‌మెంట్లన్నీ తిరుగుతుంది. చివరికి తండ్రి మార్టీకి సన్మానం జరిగే సభ రసాభాస అవుతుంది. క్లాంపస్‌గా వేసిన శాండీ బేరన్‌ది విలనీ కానే కాదు. ఇవ్వడంలో ఒక గొప్ప ఉంది, పుచ్చుకున్నవాడు దానికి విలువ కట్టాలి అన్నది అతని లెక్క. ఇచ్చినట్టే ఇవ్వాలి, వద్దన్నట్టే వద్దనాలి అన్న ఈ పద్ధతి తెలుగు ఇళ్లలో బట్టలు పెట్టేటప్పుడూ, బిల్లు కట్టేటప్పుడూ జరిగే పెనుగులాటకు అంత దూరమేమీ కాదు. ఈ ఎపిసోడ్‌లో జార్జ్, క్రేమర్ అసలు కనిపించరు. పేరున్న నలుగురిలో ఇద్దరు లేకుండానే అరగంట నిండిందంటే, ఆ బరువు మోసింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

‘ది జాకెట్’లో ఎలైన్ తండ్రి ఆల్టన్ బెనిస్ కథ కూడా ఇలాంటిదే, కాకపోతే దాని రంగు మరింత చిక్కన. ఆయన రచయిత, కొరియా యుద్ధంలో పోరాడినవాడు. హోటల్ లాబీలో కూతురి రాక ఆలస్యమై, జెర్రీ, జార్జ్ ఆయనతో ఒంటరిగా చిక్కుకుపోతారు. హాస్యం తన వృత్తి అనుకునే మనిషి ముందు ఆయన తమ దళంలోని హాస్యగాడు ఎలా చచ్చిపోయాడో చెబుతాడు. ఆ తర్వాత బల్ల దగ్గర మాట పెగలదు. ఈ పాత్రను వేసిన లారెన్స్ టియర్నీ 1945లో ‘డిల్లింజర్’గా పేరు తెచ్చుకున్న నటుడు. సెట్‌లో కత్తి తీసుకుని జేబులో వేసుకున్నాడనీ, అందరూ భయపడి మళ్లీ పిలవలేదనీ నటులు తర్వాత చెప్పారు. అందుకే ఎలైన్ తండ్రి ఒక్క ఎపిసోడ్‌కే పరిమితమయ్యాడు. మంచు కురుస్తుంటే తన ఖరీదైన స్వెడ్ కోటు పాడవకుండా జెర్రీ దాన్ని తిరగేసి, గులాబీ చారల లోపలి గుడ్డ పైకి కనబడేట్టు తొడుక్కుంటాడు. అలాంటి వేషంతో నా పక్కన నడవడానికి వీల్లేదంటాడు ఆల్టన్. కోటు మంచులో నాశనమవుతుంది. పెద్దాయన మాట మూర్ఖమే, కానీ అది ఆయన మాట. జెర్రీకి తన కోటు తప్ప నిలబడటానికి మరో నేల లేదు.

ఇంతవరకూ చెప్పినవాళ్లంతా మాటకు మాట చెప్పగలిగినవాళ్లు. తమ కూడుకే ఎసరు వచ్చినవాళ్ల ఎపిసోడ్లు రెండున్నాయి, ఈ చర్చలో అన్నిటికన్నా ముఖ్యమైనవి అవే. 1991 జూన్‌లో వచ్చిన ‘ది బస్‌బాయ్’లో, బల్లమీద మెనూ కార్డు కొవ్వొత్తికి అంటుకుని కాలుతుంటే జార్జ్ ఆర్పుతాడు. కార్డును అలా పెట్టింది క్లీనర్ కుర్రాడని యాథాలాపంగా మేనేజరుకు చెబుతాడు. ఆంటోనియో అనే ఆ కుర్రాడి ఉద్యోగం అక్కడికక్కడే పోతుంది. క్షమాపణ చెప్పడానికి జార్జ్ అతని ఇంటికి వెళ్లి, తలుపు తీసి ఉంచి, పెంపుడు పిల్లి తప్పిపోయేట్టు చేస్తాడు. జార్జ్ కోరేది కుర్రాడి మేలు కాదు, తన మనసుకు నెమ్మది. ఆంటోనియో చాలా తక్కువ మాట్లాడతాడు, ఎక్కువగా చూస్తాడు. ఆ చూపులో ఒక మనిషి అద్దె, పని, ఒంటరితనం అన్నీ ఉన్నాయి. అదే హోటల్లో ప్రమాదం జరిగి, తన బదులు పనిలో చేరినవాడితో సహా కొందరు చనిపోయారని తర్వాత తెలుస్తుంది. ఉద్యోగం పోవడమే అతని ప్రాణం నిలిపింది. జార్జ్ చేసిన చెరుపు మేలుగా మారినా అందులో జార్జ్ గొప్పేమీ లేదు.

అదే ఏడాది నవంబరులో వచ్చిన ‘ది కఫే’ బాబు భట్‌ది. జెర్రీ ఇంటికి ఎదురుగా కొత్త హోటల్ తెరిచాడు. టాకో, ముసాకా, రిగటోనీ, ఏ దేశపు వంటకం అడిగినా దొరికే మెనూ, ఒక్క గిరాకీ కూడా లేదు. కిటికీలోంచి చూసి జాలిపడ్డ జెర్రీ వెళ్లి తింటాడు. తను ఎంత మంచివాడో అని లోలోపల మురిసిపోతూ, ఈ పేటలో పాకిస్తానీ భోజనం ఎక్కడా లేదు కనుక నువ్వు అదే పెట్టు అని సలహా ఇస్తాడు. బాబు నమ్ముతాడు. డబ్బు పోసి హోటల్ రూపం మారుస్తాడు. అయినా ఎవరూ రారు. వేలు ఆడిస్తూ జెర్రీని చెడ్డవాడివని తిట్టే దృశ్యం అందరికీ తెలిసిందే. దానికి ముందు జరిగింది మర్చిపోతుంటారు: సలహా విన్నప్పుడు బాబు ముఖంలో కనిపించే కృతజ్ఞత. తిట్టుకు బలం వచ్చింది అక్కడినుంచి. 1993 జనవరిలో ‘ది వీసా’లో అతను మళ్లీ వస్తాడు. జెర్రీయే చొరవ తీసుకుని కాఫీ హోటల్లో పని, తన భవనంలోనే ఇల్లు ఇప్పించాడు. వీసా పొడిగింపు కాగితం పొరపాటున జెర్రీ పెట్టెలో పడుతుంది, ఎలైన్ దగ్గర ఉన్న ఉత్తరాల్లో కలిసిపోతుంది, సమయానికి బాబుకు అందదు. అతన్ని పాకిస్తాన్‌కు పంపేస్తారు. ఒక కవరు తేదీ లోపల చేరడం మీద ఇల్లు, ఉద్యోగం, పిల్లల చదువు ఆధారపడ్డ కుటుంబాలు అమెరికాలో తెలుగువాళ్లలో తక్కువేమీ లేవు. వాళ్లకు ఈ ఎపిసోడ్ నలుగురు స్నేహితుల అజాగ్రత్త కథగా కనిపించదు, బాబు కథగానే కనిపిస్తుంది.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని నేరుగా ఎదుర్కోవాలి. బాబు పాత్ర దక్షిణాసియావాసుల మీద వేసిన వెకిలి బొమ్మ కాదా? సాగదీసిన యాస, ఆడే వేలు, అతి వినయం, అతి కోపం, ఇవన్నీ అమెరికన్ టెలివిజన్ ఎన్నాళ్లుగానో అమ్ముకున్న సరుకే. ఈ విమర్శలో పస ఉంది. బాబుగా వేసిన బ్రయన్ జార్జ్ ఉచ్చారణ విని ప్రేక్షకుల్లో కొందరు నవ్వింది యాసకేనన్నది కాదనలేం, దానివల్ల బయట బడిలోనో ఆఫీసులోనో ఎవరో ఒకరు వెక్కిరింపుకు గురై ఉంటారన్నదీ ఊహించదగిందే. కానీ ఎపిసోడ్ ఎవరి పక్షాన నిలబడిందో కూడా చూడాలి. నవ్వులపాలైంది పరాయి దేశస్థుడి వంట గురించి తనకే తెలుసన్న జెర్రీ ధీమా. బాబుకు తన గిరాకీ గురించి స్పష్టమైన లెక్క ఉంది, అందరికీ అన్నీ పెడితే ఎవరో ఒకరు వస్తారనుకున్నాడు. ఆ లెక్క తప్పే, జెర్రీ చెప్పింది అంతకన్నా పెద్ద తప్పు. యాస విషయంలో ధారావాహిక దోషి, మనిషి విషయంలో కాదు. రెండూ ఒకే పాత్రలో ఉన్నాయని ఒప్పుకోవడమే నిజాయితీ.

సంస్థల తరఫున నిలబడే మనుషులు ఇంకో రకం. 1991 మేలో వచ్చిన ‘ది చైనీస్ రెస్టారెంట్’ మొత్తం ఒకే చోట, జరిగే కాలంలోనే నడుస్తుంది. జేమ్స్ హాంగ్ వేసిన హోటల్ మనిషి, కుర్చీ కోసం నిలబడ్డ జెర్రీ, జార్జ్, ఎలైన్‌లకు ఐదు, పది నిమిషాలంటూ కాలాన్ని సాగదీస్తాడు. అతను వీళ్లను ఏడిపించాలని చూడటం లేదు, ఇంకెవరి వరసో చూసుకుంటున్నాడు. లంచం ఇవ్వబోయిన ఎలైన్ డబ్బు తీసుకుని మరొకరిని కూర్చోబెట్టడంలో కూడా అతనికి తొట్రుపాటు లేదు. విసిగి వాళ్లు వెళ్లిపోయిన మరుక్షణం వాళ్ల పేరు పిలుస్తాడు. అదే ఏడాది డిసెంబరులోని ‘ది ఆల్టర్నేట్ సైడ్’లో కారు అద్దెకిచ్చే కౌంటర్ దగ్గర గుమస్తా, బుకింగ్ ఉంది గానీ కారు లేదంటుంది. జెర్రీ చేసే వాదన తార్కికంగా తిరుగులేనిది. ఆమెకు అది చెవిన పడదు, లేని కారును ఎలా తెస్తుంది? ఇద్దరికీ ఎవరి లోకం వాళ్లది. వీళ్ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, అయితే వీళ్లకు కూడా కథానాయకుల మీద ప్రత్యేకమైన ఆసక్తి ఏమీ లేకపోవడమే వీళ్లను నిజం చేసిందని గుర్తించాలి.

ఇప్పుడు మొదట చెప్పిన మూడు కారణాల దగ్గరికి. నటుల గొప్పతనం నిజమే. బుక్‌మన్‌గా వేసిన ఫిలిప్ బేకర్ హాల్ అంతకుముందే రాబర్ట్ ఆల్ట్‌మన్ తీసిన ‘సీక్రెట్ ఆనర్’లో ఒంటరిగా నిక్సన్ పాత్ర మోసినవాడు. ఎదురుగా కూర్చున్న జెర్రీ నవ్వు ఆపుకోలేక తంటాలు పడటం తెరమీదే కనిపిస్తుంది. కానీ గొప్ప నటులు తర్వాతి సీజన్లలోనూ వచ్చారు, అందరూ ఇలా నిలబడలేదు. నటుడికి పట్టుకోవడానికి ఏదో ఒకటి రాసి ఇవ్వాలి. హాల్ హాస్యనటుడిలా నటించలేదు, నటించనక్కర్లేదు కూడా, ఎందుకంటే ఆయన చేతికి వచ్చింది నమ్మదగిన మనిషి. పదేపదే చూపించడం వల్ల గుర్తున్నారన్న వాదన బుక్‌మన్ దగ్గరే వీగిపోతుంది. ఒక్క ఎపిసోడ్‌లో కనిపించి, మళ్లీ 1998లో ముగింపు దాకా అతను రాలేదు. మాన్యా, ఆంటోనియో, ఆల్టన్ ఒక్కొక్క ఎపిసోడ్ మనుషులే. మిగతా అమెరికన్ సిట్‌కామ్‌లు బాగా పండిన చిన్న పాత్రకు వెంటనే పదోన్నతి ఇచ్చేవి. ‘ట్యాక్సీ’లో రెవరెండ్ జిమ్, ‘చియర్స్’లో ఫ్రేజియర్ క్రేన్ అలా వచ్చి స్థిరపడ్డవాళ్లే. ‘సైన్‌ఫెల్డ్’ జెర్రీ పొరుగువాడు న్యూమన్‌కు ఆ అవకాశం ఇచ్చింది గానీ, చాలామందిని అలాగే వదిలేసింది. ఊతపదం వాదన మరీ బలహీనం. బుక్‌మన్‌కు ఊతపదం లేదు, ఆంటోనియోకు అసలు మాటే తక్కువ.

గట్టి అభ్యంతరం వేరే ఉంది. ఈ ధారావాహికలో అందరికంటే ప్రసిద్ధుడైన చిన్న పాత్ర తొలి సీజన్లవాడు కానే కాడు. 1995 నవంబరులో, ఏడో సీజన్‌లో వచ్చిన సూప్ దుకాణదారు అతను. వరసలో సరిగా నిలబడనివాడికి సూప్ ఇవ్వకుండా వెళ్లగొట్టే ఆ మనిషిని లారీ థామస్ వేశాడు. తొలి సీజన్ల గొప్పతనం గురించి చెబుతున్నదంతా పాతకాలం మీద ప్రేమ తప్ప మరేమీ కాదనడానికి ఇంతకన్నా ఏం కావాలి? నా జవాబు: ఈ పాత్ర నా వాదనను కూల్చదు, దాన్ని కాలం లెక్కనుంచి విడదీస్తుంది. అతనికి పెట్టిన ‘సూప్ నాజీ’ అన్న పేరు ఒక ముద్ర. కానీ ముద్ర వెనక నియమం ఉంది: సూప్ గొప్పది, దాన్ని తీసుకోవడానికి ఒక పద్ధతి ఉంది, పద్ధతి తప్పినవాడికి హక్కు లేదు. ఎలైన్ అతని వంట రహస్యాలు చేజిక్కించుకుని అతని వ్యాపారాన్ని మూయించినప్పుడు మనకు ఎక్కడో కలుక్కుమంటుంది. ముద్ర మాత్రమే ఉన్నవాడి విషయంలో అలా జరగదు. ఐదో సీజన్‌లో మరీ దగ్గరగా వచ్చి మాట్లాడే మనిషిని తీసుకోండి. పేరుకు అదొక వింత అలవాటు. అయినా జడ్జ్ రైన్‌హోల్డ్ వేసిన ఆ ఆరన్, జెర్రీ తల్లిదండ్రులను ఊరంతా తిప్పి, వాళ్లు వెళ్లేటప్పుడు ఇంకా ఏదో చేయలేకపోయానని కుమిలిపోతాడు. అదీ నియమమే. ఎనిమిదో సీజన్‌లో మగవాడి చేతుల్లాంటి చేతులున్న అమ్మాయి, తొమ్మిదిలో ఒక వెలుతురులో అందంగా, ఇంకో వెలుతురులో వికారంగా కనిపించే అమ్మాయి దగ్గర అలాంటిదేమీ లేదు. వాళ్ల చేతులు, ముఖం గుర్తుంటాయి, వాళ్లకు ఏం కావాలో గుర్తుండదు. రాసినవాళ్లు చెప్పనే లేదు.

కాబట్టి తేడా సీజన్ అంకెలో లేదు, సీజన్లు గడిచేకొద్దీ మారిన పనితీరులో ఉంది. ప్రకటనలు పోను ఇరవై రెండు, ఇరవై మూడు నిమిషాలు మిగిలే కార్యక్రమం ఇది. తొలినాళ్లలో ఒక కథ, మహా అయితే రెండు కథలు నడిచేవి. ‘ది చైనీస్ రెస్టారెంట్’లో హోటల్ వసారా దాటకపోవడం, ‘ది పార్కింగ్ గ్యారేజ్’లో కారు వెతకడం తప్ప వేరే పని లేకపోవడం ఆ రోజుల పద్ధతే. బుక్‌మన్ ప్రసంగం మధ్యలో కత్తెర పడకుండా సాగింది అంటే ఆ తీరిక ఉండబట్టే. తర్వాత్తర్వాత నలుగురికీ నాలుగు కథలు, అవన్నీ చివర ఒకచోట ముడిపడాలన్న పంతం పెరిగాయి. ఆ ముడులు అద్భుతంగా ఉండేవి, అందులో సందేహం లేదు. ‘ది బస్‌బాయ్’లో మొదలైన ఆ కౌశలమే ముదిరి, వచ్చిన మనిషిని ముడి వేయడానికి పనికొచ్చే కొసగా మార్చింది. ఏడో సీజన్ తర్వాత లారీ డేవిడ్ రచన వదిలి వెళ్లడం ఈ మొగ్గును పెంచిందే తప్ప పుట్టించలేదు.

లారీ డేవిడ్ తిరిగొచ్చి రాసిన 1998 మే ముగింపు ఎపిసోడ్‌ను అమెరికాలో సుమారు 7.6 కోట్ల మంది చూశారు. చాలామందికి నచ్చలేదు. దారిదోపిడీని చూసి సాయం చేయకుండా నవ్వినందుకు నలుగురినీ కోర్టుకు లాగుతారు. సాక్షులుగా బాబు, బుక్‌మన్, సూప్ దుకాణదారు, ఇంకా ఎందరో వరసగా వచ్చి తమకు జరిగింది చెబుతారు. పాత పరిచయాల ఊరేగింపు అని విమర్శించారు. ఆలోచనగా చూస్తే అది సరైనదే. చిన్న పాత్రలు ఫిర్యాదుదారులన్న సంగతిని ఆ రచయిత ఒక్కడే బహిరంగంగా ఒప్పుకున్నాడు. దెబ్బతిన్నది అమలులో. ఒక్కొక్కరికి దక్కింది ఒక పాత చిత్రఖండం, రెండు మాటలు. న్యాయం వాళ్ల పక్షాన ఉందని కోర్టు తేల్చింది గానీ, వాళ్లు ఎలాంటి మనుషులో చూపించే తీరిక ఆ గంటలో లేదు. తొలి సీజన్లు చేసిన పనికి ఇది పూర్తిగా తిరగబడ్డ రూపం. అక్కడ తీర్పు ఉండేది కాదు, మనిషి ఉండేవాడు.

నా వాదనకు ఒక పెద్ద వెలితి ఉంది, దాన్ని దాటవేయకూడదు. పైన పేర్కొన్నవాళ్లలో ఆడవాళ్లు తక్కువ. తొలి సీజన్లలో వచ్చిన స్త్రీలలో చాలామంది జెర్రీకో జార్జ్‌కో ఒక వారం స్నేహితురాళ్లు. వాళ్లకు సొంత నియమం ఉండే అవకాశమే రచన ఇవ్వలేదు. ‘ది లైబ్రరీ’లోనే ఉదాహరణ ఉంది. లైబ్రేరియన్ మేరియన్ కవిత్వం రాస్తుంది, ఏకాంతంలో బతుకుతుంది, క్రేమర్ ఆ కవిత విని చలించిపోతాడు కూడా. అయినా బుక్‌మన్‌కు ఇచ్చిన తీరికలో పదో వంతు ఆమెకు రాలేదు. పైగా లైబ్రేరియన్లు పూర్వం ఎలా ఉండేవారో బుక్‌మన్ చేత ఆమె మీదే ఒక పాఠం చెప్పించారు. నాలుగో సీజన్‌కు వచ్చేసరికి కొంత కదలిక కనిపిస్తుంది. ‘ది ఇంప్లాంట్’లో టెరీ హాచర్ వేసిన సిడ్రా, తన శరీరం గురించి వీళ్లు చేసిన గూఢచర్యం తెలుసుకుని తలెత్తుకుని వెళ్లిపోతుంది. 1992 నవంబరులో వచ్చిన ‘ది కాంటెస్ట్’లో జార్జ్ తల్లి ఎస్టెల్‌గా ఎస్టెల్ హారిస్ తొలిసారి కనిపించింది. చూడకూడని స్థితిలో కొడుకును చూసి, కిందపడి నడుము దెబ్బతిని ఆసుపత్రి మంచం మీద ఉంటుంది. కొడుకును ఆమె తిట్టే తిట్లలో సిగ్గు ఉంది, పెంపకం మీద బెంగ ఉంది, నా బిడ్డ ఇలా తయారయ్యాడేమిటన్న దుఃఖమూ ఉంది. జార్జ్ చూపు మాత్రం తెర అవతల పక్క మంచం మీద రోగికి స్నానం చేయిస్తున్న నర్సు నీడ మీద ఉంటుంది. ఆ ఎపిసోడ్‌కు లారీ డేవిడ్‌కు రచనలో ఎమ్మీ వచ్చింది. ఎస్టెల్‌ను ఆ తర్వాత చివరిదాకా మళ్లీ మళ్లీ పిలిచారు.